బుదే జిగే: మావాడు అడుగుతున్న కొరియా మిలిటరీ పులుసు ఇంట్లో చేయొచ్చా?

పోరూరు పద్మ

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. పదహారేళ్ళుగా చెన్నైలో, పోరూరులో ఉంటున్నాం. మా వాడు ప్లస్ వన్ చదువుతున్నాడు. వాడి క్లాసులో ఒక కొరియా అబ్బాయి ఉన్నాడు, వాళ్ళ నాన్నకి శ్రీపెరంబుదూరు వైపు ఉద్యోగం. పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళి బుదే జిగే అనే పులుసు ఏదో తిని వచ్చాడు. అప్పట్నుంచీ ఇంట్లో అదే జపం. కంచంలో రసం పోస్తే "అమ్మా, ఇందులో రెండు సాసేజ్‌లు పడితేనా..." అంటాడు. మా అత్తగారైతే మిలిటరీ అన్న ముక్క ఒక్కటే విని, మిలిటరీ హోటల్ కూర అనుకుని, "వేట మాంసమే కదే, చేసి పెట్టు పిల్లాడికి" అన్నారు.

సరే, ఆదివారం చేస్తానని మాటిచ్చి సరుకులు కొన్నాను. కొరియా నూడుల్స్ ప్యాకెట్ ఇంటికొచ్చాక తిప్పి చూస్తే సోడియం 1,790 మిల్లీగ్రాములు అని ఉంది. ఒక్క ప్యాకెట్‌కి! ఇక సాసేజ్‌లు, చీజ్, డబ్బాలో బీన్స్ సంగతి చెప్పక్కర్లేదు. మా ఆయన రెండేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. నేను సణుగుతుంటే మా వాడి వాదన చూడండి: "సైనికులు తినే తిండమ్మా, బలం లేకపోతే వాళ్ళకి పెడతారా?"

అసలు దీన్ని మిలిటరీ పులుసు అని ఎందుకంటారు? వాడన్నట్టు నిజంగా బలమైన తిండేనా? మా ఆయన కూడా ఒక ముద్ద తినేలా చేయొచ్చా? పంది మాంసం మా వంటింట్లోకి రాదు, అది మాత్రం ముందే చెప్తున్నాను.

కేకే నగర్ కిశోర్

బలమా? అది అమెరికా సైనికులు తిని పారేసిన ఎంగిలి ఏరుకొచ్చి వండిన కూరండీ. వీడియోలో చూశాను. ఇప్పుడు దానికి ఫ్యాషన్ పేరు పెట్టి ఎనిమిది వందలకు అమ్ముతున్నారు. దానికంటే చద్దన్నంలో ఉల్లిపాయ నయం.

సూళ్ళూరుపేట శీను

పద్మక్కా, దీనికి జవాబు రాయకపోతే నాకు నిద్ర పట్టదు. శ్రీపెరంబుదూరు దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కొరియా కంపెనీ క్యాంటీన్‌లో తొమ్మిదేళ్ళు వంట చేశాను. మధ్యాహ్నం షిఫ్టులో నాలుగొందల మందికి సాంబారు, పొరియల్. పక్క గదిలో ఇరవై మంది కొరియా వాళ్ళకి వేరే వంట. ఆ వేరే వంట నాకు నేర్పింది అక్కడి మేనేజరు గారి భార్య. అరవై ఏళ్ళ మనిషి. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు కొరియా భాష రాదు. చేత్తో చూపించడం, రుచి చూసి తల అడ్డంగా ఊపడం, అంతే మా క్లాసు.

ఈ పులుసు నేను సొంతంగా చేసిన మొదటి రోజు చెప్తాను, మీ ఉప్పు గొడవకి సగం జవాబు అందులోనే ఉంది. నూనె కాగాక ఆవాలు వేశాను (నవ్వకండి, చెయ్యి ఊరుకోలేదు). అన్నీ వేసి నీళ్ళు పోసి, సాంబారుకి వేసినట్టే గుప్పెడు ఉప్పు కూడా వేశాను. ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఏమీ అనలేదు. లేచి వెళ్ళి పెద్ద చెంబుతో నీళ్ళు తెచ్చి గిన్నెలో కుమ్మరించింది. తర్వాత స్టూలెక్కి మరీ ఉప్పు డబ్బాని పై అరలో, బియ్యం బస్తాల సంచుల వెనక దాచింది. ఆ డబ్బా అక్కడినుంచి కిందికి దిగలేదు. ఈ పులుసులో పడే ప్రతి వస్తువూ ఉప్పుని వెంటేసుకునే వస్తుంది. కిమ్చిలో (క్యాబేజీకి కారం పట్టించి పులియబెట్టిన కొరియా ఊరగాయ) ఉప్పు, గొచుజాంగ్ అనే మిరప ముద్దలో ఉప్పు, సాసేజ్‌లో, చీజ్‌లో, బీన్స్ డబ్బాలో, నూడుల్స్ మసాలాలో ఉప్పు. మనం వేయాల్సింది ఏమీ ఉండదు.

ఇక కిశోర్ గారూ, మీరు రెండు కూరల్ని ఒకే గిన్నెలో పోశారు. మా మేనేజరమ్మది ఉయిజొంగ్బు అనే ఊరు, సియోల్‌కి ఉత్తరాన ఉంటుంది. వాళ్ళమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు అమ్మ చెప్పేది ఇంగ్లీషులో నాకు వినిపించేది. 1950 నుంచి 1953 దాకా ఉత్తర, దక్షిణ కొరియాల మధ్య యుద్ధం. ఊళ్ళు కాలిపోయాయి, తినడానికి లేదు. అప్పుడు అమెరికా శిబిరాల వంటశాలల్లో మిగిలినవి తెచ్చి పెద్ద గిన్నెల్లో ఉడికించి అమ్మేవాళ్ళు. దాని పేరు కొరియా భాషలో 'పందుల జావ' అని. మన మాటలో కుడితి. అందులో సిగరెట్ ముక్కలు తగిలేవట, తీసి పక్కన పెట్టి తినేవాళ్ళట. మీరు వీడియోలో చూసింది అదీ.

బుదే జిగే ఆ తర్వాతది. బుదే అంటే సైనిక దళం, జిగే అంటే చిక్కటి పులుసు. యుద్ధం ఆగాక కూడా అమెరికా సైన్యం అక్కడే ఉండిపోయింది. శిబిరం లోపలి కొట్లలో దొరికే హామ్, సాసేజ్, డబ్బా మాంసం దొంగదారిన బయటికి వచ్చేవి. అవి అమ్మడం నేరం. ఉయిజొంగ్బులో 1960లో హో గిసుక్ అనే ఆవిడ చేపముద్దల బండితో వ్యాపారం మొదలుపెట్టింది. శిబిరంలో పనిచేసేవాళ్ళు "ఇదిగో, వీటితో ఏమైనా చెయ్యి" అని మాంసం తెచ్చి ఇచ్చేవాళ్ళట. మొదట వేయించి పెట్టింది. తర్వాత అన్నంలోకి ఉంటుందని కిమ్చి, మిరప ముద్ద వేసి పులుసు చేసింది. ఆ హోటల్ ఇప్పటికీ ఉంది. బోర్డు మీద పేరు మాత్రం చేపముద్దల పేరే! దాని చుట్టూ వీధంతా ఇవే హోటళ్ళు. దీనికి జాన్సన్ పులుసు అని ఇంకో పేరు కూడా ఉంది, 1966లో కొరియా వచ్చిన అమెరికా ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ పేరు మీద.

కాబట్టి మీ వాడికి చెప్పండక్కా, ఇది సైన్యం సైనికుడికి పెట్టిన తిండి కాదు. సైన్యం గేటు బయట ఆకలితో ఉన్న జనం కనిపెట్టుకున్నది.

ఆ డబ్బా మాంసం పేరు స్పామ్, పంది మాంసంతో చేస్తారు. 1937లో అమెరికాలో పుట్టింది. కొరియాలో సొంతంగా తయారు చేయడం 1987లోగానీ మొదలవలేదు. అందాకా అది గొప్పింటి తిండి. ఇప్పటికీ అక్కడ పంటల పండక్కి స్పామ్ డబ్బాలు అట్టపెట్టెలో సర్ది బహుమతి ఇస్తారు, మనం దీపావళికి స్వీట్ బాక్సు ఇచ్చినట్టు. నాకూ ఒకసారి ఇచ్చారు. అంత ప్రేమగా ఇచ్చారు కదా అని సూళ్ళూరుపేట తీసుకెళ్తే, మా అమ్మ మూత తీసి వాసన చూసి, "ఇది గడప దాటి లోపలికొస్తే నేను బయటికి పోతా" అంది.

మీకు చికెన్ సాసేజ్ చాలు. రుచి కిమ్చిలో ఉంది, మాంసంలో కాదు. కిమ్చి కొత్తది పనికిరాదు. ఫ్రిజ్‌లో కనీసం రెండు మూడు వారాలు పులిసి, మూత తీస్తే ముక్కు ఎగరాలి. నీళ్ళ బదులు బియ్యం కడిగిన రెండో నీళ్ళు పెట్టుకోండి. అందులో తల తీసిన ఎండు నెత్తళ్ళు గుప్పెడు వేసి పది నిమిషాలు కాచి వడకట్టాలి. ఆవిడ కొరియా నుంచి తెప్పించిన ప్యాకెట్ విప్పినప్పుడు చూసి నేను ఆశ్చర్యపోయాను, మా పులికాట్ నెత్తళ్ళే! ఆ తర్వాత మా ఊరివే తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఉప్పులో ఊరినవి వద్దు, ఉట్టివి ఎండబెట్టినవి అడగండి.

వెడల్పాటి గిన్నెలో ఒక పక్క కిమ్చి, ఒక పక్క ఉల్లిపాయ, ఉల్లికాడలు, టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది), క్యాబేజీ, పుట్టగొడుగులు సర్దండి. సాసేజ్ ఏటవాలుగా కోసి ఇంకో పక్క. డబ్బా బీన్స్ రెండే చెంచాలు. మధ్యలో ఎండుమిర్చి పొడి, వెల్లుల్లి, చెంచా గొచుజాంగ్. చుట్టూ ఆ నీళ్ళు పోసి బల్ల మీదే పొయ్యి పెట్టి ఉడకనివ్వాలి. కిమ్చి మెత్తబడ్డాక నూడుల్స్, అదీ నలుగురికి ఒక్క ప్యాకెట్. నూడుల్స్ పడ్డాక కబుర్లు చెప్పుకుంటూ కూర్చోకండి, మూడు నిమిషాల్లో పులుసంతా తాగేసి ఉబ్బిపోతాయి. చీజ్ స్లైస్ ఒకటి పైన. పక్కన ఉప్పు లేని తెల్లన్నం. మా కొరియా వాళ్ళు ముక్కలు తీసుకుని అన్నంతో తినేవాళ్ళు. గిన్నె ఎత్తి పులుసు తాగింది నేను చూసింది ఒకరిద్దరినే, వాళ్ళకీ ముందు రోజు రాత్రి మందు ఎక్కువైన కథ ఉండేది.

డైట్ లక్ష్మి

నేను చెన్నైలోనే డైటీషియన్‌ని. శీను గారు వంట చెప్పారు, నేను లెక్క చెప్తాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దవాళ్ళకి రోజుకి సోడియం 2,000 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. అంటే ఉప్పు 5 గ్రాములు, చిన్న టీ స్పూనుకి సమానం. రోజు మొత్తానికి, అన్ని వంటలూ కలిపి. మీ ప్యాకెట్‌లోనే 1,790 ఉంది. మామూలు స్పామ్ అయితే 56 గ్రాములకి ఇంకో 790. అదంతా ఒక్కరే తింటే కిమ్చి ముట్టకముందే 2,580 అయింది. హోటల్లో ఒక్కరికి తెచ్చిపెట్టే గిన్నెతో వచ్చే చిక్కు ఇదే.

మీ అబ్బాయి అన్న బలం సంగతి. ఆ 56 గ్రాముల స్పామ్‌లో కొవ్వు 16 గ్రాములు, ప్రోటీన్ 7 గ్రాములే. ఒక కోడిగుడ్డులో 6 గ్రాముల పైనే ఉంటుంది కదా. చికెన్ సాసేజ్‌లో కొవ్వు కాస్త తగ్గొచ్చు, ఉప్పు తగ్గదు. ప్యాకెట్ చదివి కొనండి. ఈ పులుసులో నాకు నచ్చేవి టోఫు, బీన్స్, పుట్టగొడుగులు, క్యాబేజీ. వాటినే పెంచండి. రెండు గుడ్లు కొట్టి వేసినా తప్పులేదు.

ఇంకో సంగతి భయపెట్టడానికి కాదు, తెలియడానికి చెప్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. రోజూ 50 గ్రాములు తినేవాళ్ళకి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని అంచనా వేశారు. రోజూ తినేవాళ్ళ లెక్క అది. నెలకోసారి సాసేజ్ నాలుగు ముక్కలు తిన్న పిల్లాడి మీద ఆ అంకె రుద్దక్కర్లేదు. వారం వారం అడిగితే మాత్రం గుర్తు చేయండి.

సాసేజ్ ముక్కలు వేడినీళ్ళలో రెండు నిమిషాలు ఉడికించి ఆ నీళ్ళు పారబోయండి. నూడుల్స్ కూడా విడిగా సగం ఉడికించి నీళ్ళు వంచేస్తే, ఫ్యాక్టరీలో వేయించినప్పుడు పట్టిన నూనె కొంత పోతుంది. మసాలా పొట్లంలో సగమే వేయండి, ఉప్పు ఎక్కువ భాగం దాంట్లోనే ఉంటుంది. కిమ్చిలో మంచి బ్యాక్టీరియా ఉంటుందని అందరూ అంటారు. మరిగిస్తే అవి బతకవు, కాబట్టి కాస్త పచ్చిది పక్కన పెట్టుకోండి. మీవారికి ముక్కలూ కూరగాయలూ పెట్టండి, పులుసు వద్దు. ఆ రోజు ఇంట్లో అప్పడం, ఊరగాయ రెండూ బంద్.

కేకే నగర్ కిశోర్

శీను గారూ, కుడితి వేరు, ఇది వేరు అని తెలియక అన్నాను. సారీ. ఎనిమిది వందలు ఎక్కువే అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఆవడి హవల్దార్

అమ్మా పద్మా, మద్రాస్ రెజిమెంట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. సైనికుల తిండి అంటే బలం అని మీ అబ్బాయి అన్నాడు కాబట్టి రాస్తున్నాను.

మాకు తిండి రెండు రకాలు. లంగర్లో, అంటే మా వంటశాలలో, లెక్క ప్రకారం పెట్టేది ఒకటి. పప్పు, రొట్టె, కూర, అన్నం. బలం అందులో ఉంది. రెండోది కొండ మీద కాపలా పోస్టులో రాత్రిపూట మేం చేసుకునేది. అది మనసు కోసం. ఎత్తు మీద నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే అన్నం పలుకుగానే ఉంటుంది. అక్కడ మా ముగ్గురికి పండగ ఏమిటంటే రెండు నూడుల్స్ ప్యాకెట్లు, డబ్బా బఠాణీ, ఉల్లిపాయ, ఎవరి ఇంటినుంచో వచ్చిన ఆవకాయలో నూనె. మెస్ టిన్‌లో ఉడికించి ఒకే చెంచాతో వంతులేసుకుని తినేవాళ్ళం. ఇంటి నుంచి శక్కర్‌పారా అనే తీపి ముక్కల డబ్బా వచ్చినవాడికి ఆ వారమంతా రాజభోగం, అందరూ వాడి పక్కనే పడుకునేవాళ్ళు. చలిలో బరువు మోసుకుని రోజంతా ఎక్కేవాడికి ఆ నూనె, ఉప్పు, చక్కెర కరిగిపోయేవి. ఏసీ క్లాసులో కూర్చునేవాడికి ఎక్కడ కరుగుతాయి?

ఇంకొక మాట. కొరియా అనగానే పిల్లలు సీరియల్స్ అంటారు. 1950 నవంబరులోనే మన 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అక్కడ దిగింది. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నడిపించారు. తుపాకీ పట్టి యుద్ధం చేయడానికి కాదు, గాయపడ్డవాళ్ళకి వైద్యం చేయడానికి. యుద్ధం ఆగాక ఖైదీల అప్పగింత కమిషన్‌కి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. ఉత్తరానికీ పోము, దక్షిణానికీ పోము అన్న 88 మంది ఖైదీలు 1954 ఫిబ్రవరిలో ఓడెక్కి వచ్చి దిగింది ఎక్కడో తెలుసా? మన మద్రాసు రేవులోనే. హార్బర్ వైపు వెళ్ళినప్పుడు మీ వాడికి చూపించండి.

పోరూరు పద్మ

అందరికీ థ్యాంక్స్. నిన్న చేశాను. జరిగింది రాస్తాను.

ఎండు నెత్తళ్ళు వడపళని మార్కెట్లో దొరికాయి. బల్ల మీద పొయ్యి లేదు, ఇండక్షన్ స్టవ్ పెట్టి వైరు కిటికీ దగ్గర ప్లగ్ దాకా లాగాను. మా వాడు ఆ వైరు దాటుతూ రెండుసార్లు తట్టుకున్నాడు. శీనూ, నువ్వు చెప్పినట్టే ఉప్పు డబ్బా పై అరలో పెట్టాను, అయినా గిన్నె పొంగు వస్తున్నప్పుడు నా చెయ్యి దానికోసం గట్టు మీద వెతికింది! సాసేజ్ ఉడికించిన నీళ్ళ మీద నూనె తెట్టు గులాబీ రంగులో తేలింది. అది చూసి మా ఆయన సాసేజ్ తనకు వద్దన్నారు. టోఫు, పుట్టగొడుగులు, క్యాబేజీ అన్నంలో కలుపుకుని తిన్నారు, ఇంకాస్త అడిగారు.

అత్తగారు "వేట మాంసం ఏదే?" అని గిన్నెంతా గరిటెతో వెతికారు. టోఫుని పనీర్ అనుకుని నాలుగు ముక్కలు తిన్నారు. నేనేమీ చెప్పలేదు.

మా వాడి తీర్పు: వాళ్ళ ఫ్రెండ్ ఇంట్లోదే బాగుందట, ఇందులో సాసేజ్ తక్కువట. హవల్దార్ బాబాయ్ గారి 88 మంది ఖైదీల కథ చెప్తే మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వాళ్ళు ఇక్కడ దిగాక ఏం తిన్నారమ్మా అని అడిగాడు. అడుగున మిగిలిన పులుసు వాడు గిన్నె ఎత్తేలోపే సింక్‌లో పోసేశాను. ఇప్పటిదాకా నాతో మాట్లాడటం లేదు.

మిగిలిన పచ్చి కిమ్చిని ఈ పొద్దున అత్తగారు పెరుగన్నంలో నంజుకున్నారు, మాగాయ కంటే పులుపు తక్కువ అన్నారు. బీన్స్ డబ్బాలో రెండు చెంచాలు పోగా మిగతాదంతా ఫ్రిజ్‌లో ఉంది. తియ్యగా, టొమాటో వాసనతో ఉంది. దాన్ని ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.